అడగకుండా పెట్టిన మందు

నేను పదో తరగతి దాకా చదివాను. ఉత్తరాలు, అర్జీలు తప్ప ఇంతకుముందు ఏమీ రాయలేదు. ఇది రాయమన్నది నెల్లూరు ఆసుపత్రిలో మాలాంటి వాళ్ళతో కూర్చొని మాట్లాడే మేడం. "లోపల పెట్టుకుంటే కుళ్ళిపోతుంది వెంగమ్మా, కాగితం మీద పెట్టు" అంది. పెట్టేదేదో దాచకుండా పెడతాను. నేను నా మొగుడికి చెప్పకుండా అతని కూట్లో మందు కలిపాను. అతను చావు దాకా పోయి వచ్చాడు. నన్ను తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి గానీ, ఇంట్లో పొట్లాలు దాచుకున్న ఆడవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

నా మొగుడు మాలకొండయ్య నాకు సొంత మేనత్త కొడుకు. మాది చేజర్ల దగ్గర పల్లె, వాళ్ళది ఉదయగిరి కొండ కింద. రెండు వైపులా గొర్రెల మీద బతికేవాళ్ళమే. ఎండాకాలం వాళ్ళ వైపు గడ్డి మాడిపోతే మందను తోలుకొని మా వైపు వచ్చేవాళ్ళు. కోతలైన మళ్ళలో మంద కడితే ఎరువుకు ఎరువు, రైతు ఇచ్చే గింజలకు గింజలు. బావ ఆ రెండు నెలలూ మళ్ళలోనే మూడు రాళ్ళ పొయ్యి మీద వండుకొనేవాడు. ఎండుమిరపకాయ, చింతపండు, ఉల్లిగడ్డ, అంతే. ఆ పులుసు రుచి నాకింతవరకూ రాలేదు. నేను మజ్జిగ ఇచ్చే వంకతో పోయి గిన్నెడు పులుసు తాగి వచ్చేదాన్ని. "ఏమే వెంగీ, మజ్జిగ ఇచ్చేదానికొచ్చినావా, నా కుండ ఖాళీ చేసేదానికొచ్చినావా?" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూసే నేను చేసుకున్నాను, ఎవరూ బలవంతం చేయలేదు.

అప్పటికే తాగేవాడు. దాచిందేమీ లేదు, మా నాయనకూ తెలుసు. "పెళ్ళయితే వాడే దారికొస్తాడు" అన్నాడు నాయన. పెళ్ళయింది. "బిడ్డ పుడితే మానేస్తాడులే" అంది మా అవ్వ. బిడ్డ పుట్టింది. "ఆడబిడ్డ ఎదిగితే సిగ్గుపడి మానతాడు" అన్నారు. అదీ ఎదిగి హాస్టలుకు పోయింది. తాగుడుకు పెళ్ళే మందైతే మా జిల్లాలో బ్రాందీ షాపులు ఎప్పుడో మూతపడి ఉండేవి.

కొట్టేవాడు కాదు. ఆ మాట ఎవరితోనన్నా అంటే "ఇంకేం కావాలే నీకు, అదృష్టవంతురాలివి" అనేవాళ్ళు. చాటుగా మాత్రం నన్నే అనేవాళ్ళు. ఆడది గట్టిదైతే మగోడు తాగుతాడా, వెంగమ్మకు నోరుండాది గానీ చేతగాదు అని. నేనూ అదే నమ్మాను. ఏడ్చాను, తిట్టాను, మాట్లాడడం మానేశాను, నర్రవాడ అమ్మవారికి మొక్కాను. వీటిలో ఏదీ పని చేయనప్పుడల్లా నాలోనే ఏదో తక్కువుందని అనుకున్నాను.

ఇక పొడి సంగతి. పోయినేడు తొలకరికి ముందు గొర్రెలకు నట్టల మందు తాపుతున్నాం. కడుపులో నట్టలు పోవడానికి ఏటా తాపేదే. నేను గొర్రెను మోకాళ్ళ మధ్య బిగించి దవడ తెరిస్తే, అత్త చెన్నమ్మ గొట్టంతో గొంతులో పోస్తోంది. బావ అప్పటికే పూటుగా తాగి పాక నీడన పడి ఉన్నాడు. అత్త కొడుకు వైపు చూసి, ఇంకో గొర్రెను పట్టమంది. మధ్యాహ్నం చేతులు కడుక్కుంటూ రొంటినించి ఒక కాగితం మడత తీసింది. లోపల చిన్న చిన్న పొట్లాలు.

"బద్వేలు పక్క ఒకాయన ఇస్తాడంట. కూట్లో కలిపి పెట్టాల. ఆ తర్వాత తాగినాడంటే కక్కొస్తాది. అసియ్యం పుట్టి వాడే మానేస్తాడు" అంది.

"బావకు చెబుదామా అత్తా?"

"నీకేమన్నా పిచ్చా? ఇంత సేపూ గొర్రెలకు తాపినాం గదా, ఒక్కదాన్నన్నా అడిగి తాపినామా?"

నాకది న్యాయంగానే తోచింది. పుట్టినప్పటినుంచీ చూస్తున్న పని అది. మందు మంచిదైతే చాలు, మింగేవాడి ఇష్టంతో పనేముంది? ఆ పూటే ఉలవచారులో కలిపాను. పులుపులో తెలియదని అత్త చెప్పింది, తెలియలేదు కూడా.

రెండో రోజు సాయంత్రం బావ తాగి వచ్చాడు. కాసేపటికే మొహం కందిపోయింది. గుండె పట్టుకొని, చెమటలు కారుతూ, పేగులు బయటికొచ్చేటట్టు కక్కాడు. నేను వీపు రాస్తూ లోపల సంబరపడ్డాను. పని చేస్తోందని! మరుసటి రోజు పొద్దున మంచం మీద కూర్చొని, నా కళ్ళల్లోకి చూడకుండా అన్నాడు.

"వెంగీ, నాకేదో గుండెజబ్బు వచ్చినట్టుండాది. లోపల ఎవురో డప్పు కొట్టినట్టే ఉండె. ఎవురికీ చెప్పమాక."

"అందుకే తాగమాక" అన్నాను.

నేను చేసిన తప్పుల్లో పెద్దది పొడి కలపడం కాదని ఇప్పుడనిపిస్తుంది. చచ్చిపోతానేమోనని ఒక మనిషి భయపడి నా దగ్గరికొచ్చి చెబితే, ఆ భయం నాకు పనికొస్తుందని అట్లాగే ఉంచాను. అది పెద్ద తప్పు.

ఆ తర్వాత నెల రోజులకు పైగా బావ చుక్క ముట్టలేదు.  పొద్దుగూకేసరికి ఇంటికొచ్చేవాడు. తెగిపోయిన నులకమంచం అల్లాడు. మందలో ఈనిన గొర్రె దగ్గర కూర్చొని పిల్లకు పాలు పట్టించేవాడు. పాట ఎత్తుకొనేవాడు, మధ్యలో మరిచిపోతే నేను అందించేదాన్ని. వీధిలో వాళ్ళు "ఏం చేసినావే వెంగమ్మా?" అని అడిగితే "నాకు నోరే కాదు, చేతనవుతాది కూడా" అని మిడిసిపడ్డాను. రోజూ ఒక పొట్లం, ఉలవచారులోనో పులుసులోనో. అప్పుడప్పుడూ బావ మాట్లాడుతూ మాట్లాడుతూ రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని ఆగిపోయేవాడు. నేను చూడనట్టు లేచిపోయేదాన్ని.

శ్రావణం ముందు ఒక శనివారం, పొట్టేళ్ళు అమ్మడానికి ఆత్మకూరు పోయాడు. మధ్యాహ్నం అతని నంబరు నుంచి ఫోనొచ్చింది. ఎవరో ఆడమనిషి గొంతు.

"ఈ ఫోను ఎవురిదోనమ్మా, ఆయన బస్టాండులో పడిపోయుండాడు. వాసనొస్తుండాదని అందరూ దాటుకోని పోతుండారు. నాకెందుకో వట్టి తాగుడు మాదిరి అనిపించలా. ఒళ్ళంతా కంది, రొమ్ము ఎగరతా ఉండాది. బిన్నా రండి, ఆలస్యం చేయమాకండి."

ఆమె పేరు మస్తానమ్మ. బస్టాండు దగ్గర టీ బంకు నడుపుతుంది. బంకు వదిలిపెట్టి, ఆటో పిలిచి, పక్కనే ఉన్న చిన్న ఆసుపత్రిలో చేర్పించింది. బేరం కుదిరిన సంతోషంలో కొన్నవాళ్ళు పోయించారట. నెల దాటింది గదా, గుండె బాగుపడి ఉంటుందిలే అనుకున్నాడట. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ఆటోలో అత్త నా మణికట్టు వదల్లేదు.

"పొట్లాల సంగతి నోటెంట రానీమాక. మొగుడికి మందు పెట్టిందంటారే నిన్ను. మొగుణ్ణి లొంగదీసుకునే మరుగుమందో, విషమో, ఎవురికి తెలుస్తాది? కేసవతాది."

మేం పోయేసరికి బావకు సెలైను ఎక్కిస్తున్నారు. "తాగుడు కేసు. దిగిపోతాది" అన్నాడు కాంపౌండరు. అత్తకు ధైర్యమొచ్చింది. "బాటిలు పెట్టినారు, సూది ఏసినారు, ఇంకేంది" అని గోడకు ఆనుకొని కూర్చుంది. మా వైపు బాటిలు వేలాడిందంటే వైద్యం జరుగుతున్నట్టే. అందులో ఏముందో ఎవరమూ అడగం.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయికి అక్కలాగా ఉంది. రెండుసార్లు వచ్చి చూసి బయటికి వచ్చింది. "ఎంత తాగినా ఇట్లా కాకూడదమ్మా. బీపీ పడిపోతా ఉంది. ఇంట్లో ఇంకేదన్నా మందు వాడారా?" అంది.

"లేదమ్మా" అన్నాను.

ఆ బెంచీ మీద కూర్చున్న రెండు గంటలు నా బతుకంతా కన్నా పొడుగు. ఎదురుగా ఒక ముసలాయన బిడ్డకు బొమ్మ ఊపుతున్నాడు. ఎవరో అరటిపండ్లు తిని తొక్కలు బెంచీ కింద పడేస్తే, ఆయా తిట్టుకుంటూ ఊడ్చింది. లోకం అంతా మామూలుగా ఉంది. మిగిలిన పొట్లాలు నా పర్సులోనే ఉన్నాయి. బస్టాండులో దాటుకొని పోయిన మనుషులను అత్త తిడుతోంది. వాళ్ళు తెలియక దాటారు. తెలిసి దాటుతున్నది నేను. దీపాలు పెట్టే వేళ డాక్టరమ్మ మళ్ళీ వచ్చి "నెల్లూరు తీసుకుపోవాల్సి రావచ్చు, దారిలో ఏమవుతుందో చెప్పలేను" అన్నప్పుడు లేచి నిలబడ్డాను. అత్త కొంగు పట్టుకుంది. లాగేసుకున్నాను.

"కలిపినానమ్మా. రోజూ కూట్లో కలిపినాను. ఇదిగో" అని పొట్లాలు ఆమె చేతిలో పోశాను.

తిడుతుందనుకున్నాను, పోలీసులను పిలుస్తుందనుకున్నాను. ఆమె పొట్లం విప్పి చూసి, "ఎప్పటినుంచి? ఎంత? పొద్దున కూడా పెట్టావా?" అని మూడు ప్రశ్నలు అడిగి లోపలికి పరుగెత్తింది. ఆ పరుగు నాకింకా కళ్ళల్లో ఉంది. తెల్లారేసరికి బావ నీళ్ళు అడిగాడు.

ఆ ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నాం. చెబితే వింతగా ఉంటుంది గానీ, ఆ వరండా మీద నాకు బెంగ. మస్తానమ్మ పొద్దునా సాయంత్రం ఫ్లాస్కులో టీ తెచ్చేది. "నా మొగుడూ ఇట్టనే బస్టాండులో పడినాడు, ఆ పొద్దు నేను గూడా సిగ్గుపడి దూరంగా నిలబడినా" అని ఒకనాడు చెప్పి, టీ పోసి, వెళ్ళిపోయింది. బావా నేనూ చిన్నప్పటి సంగతులన్నీ చెప్పుకున్నాం. మళ్ళలో మందలు, మజ్జిగ, ఒకసారి పొట్టేలు నన్ను కాలవలో పడేయడం. తాగుడు లేదు, పని లేదు, పోవడానికి ఇంకో చోటు లేదు. పదహారేళ్ళ కాపురంలో అన్ని మాటలు మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

అందుకే చెప్పడం ఇంకా కష్టమైంది. డాక్టరమ్మ ముందే చెప్పింది. "ఆయన ఒంట్లో ఏం జరిగిందో ఆయనకు తెలియాలి. నేను చెప్పగలను. మీరు చెబితే మంచిది." ఐదో రోజు చెప్పాను. అత్త పేరు ఎత్తలేదు.

బావ లేచి కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళు?"

"నలభై దినాలు."

"నాకు గుండెజబ్బొచ్చిందని నీకు చెప్పిన పొద్దు గూడానా?"

"ఆ పొద్దు గూడా."

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ సాయంత్రం నేను తెచ్చిన జావ ముట్టలేదు. మస్తానమ్మ ఇడ్లీ తెస్తే తిన్నాడు.

ఇంటికొచ్చాక పెరట్లో మూడు రాళ్ళు పెట్టుకున్నాడు. తనే వండుకొని తనే తినేవాడు. ఆ ఉల్లిగడ్డ పులుసు వాసన ఇంట్లోకి వచ్చేది, నేను లోపల నా కూడు ముందు పెట్టుకొని కూర్చొనేదాన్ని. మొగుడూ పెళ్ళాలు పొయ్యిలు వేరు పెట్టుకున్నారని వీధంతా చెప్పుకున్నారు. మూడు వారాలు చూసి, ఒక పొద్దున అత్త పోయి ఆ పొయ్యి ముందు కూలబడింది.

"తెచ్చింది నేనురా. కలపమనింది నేనే. అది నీకు చెబుదామనింది, నేనే వద్దన్నా. అనేదేందో నన్ను అను."

బావ పొయ్యి ఆర్పేశాడు. ఆ పూట లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు. వడ్డించాను. చెయ్యి కంచంలో పెట్టలేదు, ఊరికే చూస్తున్నాడు. నాకర్థమైంది. అతని కంచంలోంచే ఒక ముద్ద కలుపుకొని తిన్నాను. నేను మింగేదాకా చూసి, అప్పుడు తిన్నాడు. మా వైపు మొగుడు తిన్నాక అదే కంచంలో పెళ్ళాం తింటుంది. "వాడికంటే ముందు చెయ్యి పెడతావా?" అని అత్త నోరు నొక్కుకుంది. "నేనే పెట్టాలత్తా" అన్నాను. అప్పటినుంచి పూటపూటకూ మొదటి ముద్ద నాది. 

డాక్టరమ్మ రాసిచ్చిన చీటీతో నెల్లూరు పోయాం. తాగుడుకు వైద్యముంటుందని, దానికి వేరే గది, వేరే డాక్టరు ఉంటారని మాకు తెలియదు. కట్టేసి నాలుగు తగిలించడమో, తాయెత్తు కట్టడమో, అంతవరకే మాకు తెలుసు. ఆ గది ముందు బెంచీల మీద మగవాళ్ళందరూ మొహాలకు తువ్వాళ్ళు చుట్టుకొని ఉన్నారు. పక్కనున్నామెను "దేనికమ్మా వచ్చినారు?" అని అడిగితే "మా ఆయనకు గ్యాసు" అంది. "మాకూ గ్యాసే" అన్నాను. ఇద్దరికీ నవ్వాగలేదు. వాళ్ళాయన పంతులు. చివరి బెంచీలో ఒక ఆడమనిషి ఒంటరిగా కూర్చొని ఉంది, రోగి ఆమే. మొగుడు పక్కన లేడు. తాగే మగవాళ్ళ వెంట పెళ్ళాలమందరం ఉన్నాం, ఆమె వెంట మాత్రం ఎవరూ లేరు. ఆ సంగతి ఆ రోజంతా నా మనసులో మెదిలింది.

కొన్నాళ్ళు వేరే మందులు ఇచ్చి, పరీక్షలన్నీ చేసి, డాక్టరు ఒక మాత్ర చూపించాడు. ఇది మింగినన్నాళ్ళు తాగితే ఏమవుతుందో, ఎంత ప్రమాదమో, మానేశాక కూడా కొన్నాళ్ళు ఎందుకు తాగకూడదో, అన్నీ బావకే చెప్పాడు. 

"సార్, ఇది అదేగదా?" అన్నాను.

"చీటీలో రాసినదాన్ని బట్టి ఆ పొట్లాల్లో ఉన్నది ఇదే. ఎంత కలిపారో ఎవరికీ తెలియదు. దీంట్లో ఎంతుందో తెలుసు. ఆయన వద్దంటే ఇవ్వను."

బావ కాగితం మీద ఒక్కొక్క అక్షరం దిద్దినట్టు సంతకం పెట్టాడు. బయటికొచ్చాక, చెట్టు కింద నిలబడి అన్నాడు.

"ఒక్క మాట అడిగుంటే మింగేవోణ్ణి గదే."

నాకు ఒళ్ళు మండింది. "అబద్ధాలు చెప్పమాక బావా. పదహారేళ్ళుగా అడగతానే ఉండా."

"మానమని అడిగినావు. తిట్టినావు, ఏడ్చినావు. వైద్యానికి పోదాం వస్తావా అని ఒక్కనాడన్నా అడిగినావా?"

అడగలేదు. షుగరున్నోళ్ళను అడుగుతాం, పక్షవాతమొచ్చినోళ్ళను అడుగుతాం. తాగేవాడిని అడగాలని నాకు తట్టలేదు. అడిగితే నిజంగా వచ్చేవాడా? ఏమో, నాకు అనుమానమే. అడిగి చూసి ఉంటే ఆ అనుమానమన్నా లేకుండా ఉండేది.

అప్పటినుంచి పొద్దున్నే బావ నా ఎదుట మాత్ర వేసుకొని, నీళ్ళు తాగి, బడిపిల్లాడిలాగా నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించేవాడు. మధ్యాహ్నం నేను అతని కంచంలో ముద్ద తిని చూపించేదాన్ని. ఒకరినొకరు సోదా చేసుకొనే కాపురం.

అంతా చక్కబడిందని రాస్తే అది కూడా పొట్లం కలిపినట్టే. కార్తీకం తర్వాత మందతో బయటికి పోయి పదిహేను రోజులు మాత్రలు మింగలేదు. తాగాడు. వచ్చి గడప బయటే నిలబడి తనే చెప్పాడు. నోటిదాకా వచ్చిన తిట్టును ఆపుకొని, "నెల్లూరు పోదాం వస్తావా?" అన్నాను. తల ఊపాడు. ఈ జబ్బులో ఇది మామూలేనని, మళ్ళీ మొదలు పెడదామని డాక్టరు అన్నాడు. అప్పటినుంచి ముట్టలేదు. రేపటి సంగతి నాకు తెలియదు.

మొన్న, పెసలు ఆరబోసుంటే ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. అత్తా నేనూ పరుగెత్తి ఎత్తి లోపల పోసేసరికి ఒళ్ళంతా తడిసిపోయింది. చీర పిండుకుంటూ వంటింట్లోకి వస్తే, బావ పీట వేసుకొని, తనే కుండలోంచి వడ్డించుకొని తింటున్నాడు. కంచం సగం ఖాళీ. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"అట్ట నిలబడినావేందే?" అన్నాడు, నోట్లో ముద్దతోనే. "ఆకలైతే పెట్టుకున్నా. పులుసులో ఉప్పేయలా. రుచి చూసుంటే తెలిసేది గదా?"

"చూళ్ళేదు బావా" అన్నాను.

"తెలస్తానే ఉండాదిలే" అని ఇంకో గరిటె పోసుకున్నాడు.

ఉప్పు డబ్బా తెస్తానని లోపలికి పోయాను. డబ్బా చేతిలో పెట్టుకొని, బియ్యం మూటకు ఆనుకొని, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. ఎంతసేపయిందో తెలియదు.

"ఏందే, ఉప్పుకు చేజర్ల దాకా పోయినావా?" అని కేకేశాడు. "ఇక్కడ నా కూడయిపోతుండాది!"